బుల్లెట్టా, నూరు సీసీయా, అపాచీయా? కొరాపుట్ ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లు చెప్పండి

లక్ష్మీపూర్ రోడ్డు (రాయగడ)

అన్నలందరికీ నమస్కారం. రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్, అక్కణ్ణుంచి జయపురం. వారానికి రెండుసార్లు తిరగాల్సిన పని. ఒకోసారి వెనక మనిషి ఉంటారు, ఒకోసారి ఇరవై కిలోల సామాను. మూడు బండ్లు చూస్తున్నాను: ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 (మనవాళ్లు బుల్లెట్ అనేస్తారు), నూరు సీసీ స్ప్లెండర్, అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీ. ఎవరిని అడిగినా బండి సంగతి ఒగ్గేసి కంపెనీ సంగతి చెప్తున్నారు. ఈ అభిమానంలో నిజం ఎంత? బండి తోలుతుంటే వచ్చే హాయి అసలు ఏ భాగంలోంచి వస్తుంది? లెక్కలతో చెప్పండి అన్నా, ఓపిగ్గా చదువుతాను.

స్పోక్ వీలు (పర్లాకిమిడి)

బుల్లెట్ మీద అభిమానం ఊరికే పుట్టలేదు తమ్ముడూ. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టిన దగ్గర్నుంచి ఆ ఇంజన్ తీరు ఒకటే. పిస్టన్ ఎక్కువ దూరం నడుస్తుంది, తక్కువ తిప్పుళ్లలో బలం ఇస్తుంది. ఇప్పటి క్లాసిక్‌లో ఉన్న 349 సీసీ ఇంజన్ చూడు. సిలిండర్ వెడల్పు 72 ఎంఎం, పిస్టన్ నడక 85.8 ఎంఎం. టార్క్ (తిప్పే బలం) 27 న్యూటన్ మీటర్లు, అదీ 4000 ఆర్‌పీఎం (నిమిషానికి తిప్పుళ్లు) దగ్గరే. ఘాటులో మలుపు తిరిగాక గేరు దించకుండా మూడోలోనే రైజ్ ఇస్తే బరువుతో సహా లాక్కుపోతుంది. చెవికి తగిలే ఆ నిదానమైన శబ్దం, చేతికి తెలిసే ఆ లాగుడు, రెండూ ఈ కొలతల్లోంచే వస్తాయి.

వైబ్రేషన్ మాట కూడా చెప్పాలి. పాత క్లాసిక్‌లో వచ్చిన 346 సీసీ యూసీఈ ఇంజన్‌లో బ్యాలెన్సర్ షాఫ్ట్ (ఇంజన్ వణుకు తగ్గించే షాఫ్ట్) లేదు. ఎనభై దాటితే అద్దంలో వెనక లారీ రెండుగా కనబడేది. 2020లో మీటియర్‌తో వచ్చిన జె సిరీస్‌లో బ్యాలెన్సర్ పెట్టారు. 2021 క్లాసిక్‌లోనూ అదే ఇంజన్. పాత బండి వాడినవాళ్ల మాట విని కొత్తదాన్ని తూచకు.

నూరు సీసీ (కొరాపుట్)

స్పోక్ వీలు గారూ, 27 న్యూటన్ మీటర్లు సరే, బరువు మాట చెప్పలేదు. క్లాసిక్ 195 కిలోలు, స్ప్లెండర్ 112. వానాకాలం ఎర్రమట్టిలో బండి ఒరిగితే ఒంటరిగా లేపాల్సిన బరువు ఇది. సామాను కట్టి ఉంటే ఇంకా ఎక్కువ.

97.2 సీసీ ఇంజన్‌కి 8.05 న్యూటన్ మీటర్లే, అదీ 6000 దగ్గర. ఘాటు ఎక్కేటప్పుడు మూడో గేరు, రెండో గేరు మార్చుకుంటూ పోవాలి, ఒప్పుకుంటాను. అయినా 1985లో హీరో హోండా సీడీ 100 దిగిన దగ్గర్నుంచి, 1994లో స్ప్లెండర్ వచ్చిన దగ్గర్నుంచి ఈ కొండల్లో టీచర్లు, పోస్టుమాన్లు, సంతకి కూరలు మోసేవాళ్లు దీన్ని పట్టుకుని ఉండటానికి కారణం ఉంది. చైన్ మొత్తం కేసులో మూసి ఉంటుంది. రాయగడ ఎర్రదుమ్ము, నారాయణపట్న వైపు బురద లోపలికి చేరవు. చైన్ మూత లేని బండికి ఇక్కడ ప్రతి 500 కిలోమీటర్లకీ చైన్ కడిగి ఆయిల్ వెయ్యాలి. దీనికి అంత పని లేదు. ఆ కేసుకి ఉన్న రబ్బరు మూత తీసి వేలితో లూజు చూస్తే సరిపోతుంది.

బండి గురించి ఆలోచించనక్కర్లేకుండా తోలడం కూడా హాయే కదా.

పదో నంబరు పానా (జయపురం)

ఇద్దరి మాటా నిజమే. మిస్త్రీ పని చేసేవాళ్ల వైపునుంచి ఒక మాట చెప్తాను. మన జిల్లాల్లో కంపెనీ మీద అభిమానం అంటున్నదాంట్లో సగం పైన సామాను దొరకడం మీద నమ్మకమే. క్లచ్ కేబుల్ తెగితే మల్కన్‌గిరి లోపల ఏ సైకిల్ షాపులో దొరుకుతుంది? బ్రేక్ షూ ఏ ఊళ్లో వేస్తారు? వాల్వ్ సెట్టింగ్ చెయ్యడం ఎవరికి చేతయ్యింది? ఇవి చూసే జనం తరాలుగా ఒకే బండి కొంటున్నారు. అది గుడ్డి అభిమానం అనడానికి లేదు.

తోలేటప్పటి హాయి మాత్రం వేరే సంగతి. షాపుకి "ఈ కంపెనీ బండి బాగోలేదు" అని వచ్చే బండ్లకి చాలాసార్లు ఐదారు సెట్టింగులు తప్పి ఉంటాయి. అవి సరిచేస్తే అదే బండి కొత్తగా నడుస్తుంది. ఒక్కోటి చెప్తాను.

గాలి. రెండు చక్రాలకీ ముప్ఫై ఐదు కొట్టించేవాళ్లు చాలామంది. ముందు చక్రం రాయి మీద ఎగిరి పడుతుంది, మలుపులో పట్టు తగ్గుతుంది. కంపెనీ చెప్పిన లెక్క చైన్ కవర్ మీద గానీ స్వింగ్ ఆర్మ్ మీద గానీ స్టిక్కర్ వేసి ఉంటుంది. నూరు సీసీ బండ్లకి ముందు 25, వెనక ఒక్కరే అయితే 28 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. ఇద్దరెక్కితే వెనక బాగా పెంచాలి. బండి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఇరవై కిలోమీటర్లు తోలుకొచ్చి చూస్తే లెక్క రెండు మూడు ఎక్కువ చూపిస్తుంది.

చైన్. కింది వరస మధ్యలో వేలు పెట్టి పైకీ కిందకీ ఆడిస్తే 25 నుంచి 30 ఎంఎం కదలాలి. ఒకచోట చూసి వదిలేయకండి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోట లెక్క పెట్టాలి. అరిగిన చైన్ ఒకచోట లూజు, ఒకచోట బిగువు ఉంటుంది. లూజు చోట చూసి బిగిస్తే ఇంకోచోట తీగలాగా అయిపోయి గేర్‌బాక్స్ బేరింగునీ ఆయిల్ సీలునీ తినేస్తుంది. రెండు వైపులా అడ్జస్టర్ గీతలు సమానంగా రావాలి, లేకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది. చక్రం యాక్సిల్ నట్టు బిగించాక వెనక బ్రేకు మళ్లీ చూడాలి. ఇది చాలామంది మర్చిపోతారు. చక్రం వెనక్కి జరగడంతో డ్రమ్ము రాడ్ లాగి, బ్రేకు పట్టేసి ఉంటుంది. పెడల్ కొసన 20 నుంచి 30 ఎంఎం ఆట ఉంచండి.

క్లచ్. లీవర్ కొసన 10 నుంచి 20 ఎంఎం ఆట. ఆట లేకపోతే ప్లేట్లు పూర్తిగా అతుక్కోవు. ఘాటు ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. ఆట ఎక్కువైతే న్యూట్రల్ పడదు.

కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు. సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం నేలకి తగలకుండా లేపి, హ్యాండిల్ని రెండు వేళ్లతో మెల్లగా ఒక కొస నుంచి ఇంకో కొసకి తిప్పండి. మధ్యలో, సరిగ్గా తిన్నగా ఉన్నచోట, చిన్న గుంటలో పడినట్టు ఆగితే బాల్ రేసర్లు గుంటలు పడ్డాయి. అలాంటి బండి తిన్న రోడ్డు మీద కూడా తిన్నగా పోదు. తోలేవాడు తెలియకుండానే రోజంతా దాన్ని సర్దుతూ ఉంటాడు, సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి. దీనికి నట్టు బిగించి పంపేస్తే లాభం లేదు, సెట్ మార్చాలి.

లక్ష్మీపూర్ రోడ్డు (రాయగడ)

పానా అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంజన్ ఆయిల్ మాట కూడా చెప్పండి. ఏ ఆయిలైనా ఒకటేనా?

పదో నంబరు పానా (జయపురం)

ఒకటి కాదు తమ్ముడూ. మన బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. కార్ల ఆయిల్లో జారుడు పెంచే మందు కలుపుతారు, అది పోస్తే ప్లేట్లు జారిపోతాయి. డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ (ఇలాంటి క్లచ్‌కి పనికొచ్చే ఆయిల్ గుర్తు) ఉండాలి. స్ప్లెండర్‌కి 10డబ్ల్యూ30. క్లాసిక్ జె సిరీస్‌కి 15డబ్ల్యూ50. మిగిలింది పొయ్యొచ్చు కదా అని ఒకదాని ఆయిల్ ఇంకోదానికి వాడొద్దు. మార్చే ముందు ఇంజన్ ఐదు నిమిషాలు నడపండి. వేడి ఆయిలే మురికిని పట్టుకుని దిగుతుంది. డ్రెయిన్ బోల్టు వాషర్ కొత్తది వెయ్యండి. పాత వాషర్‌తో బిగించి, కారుతోందని ఇంకా బిగించి, అల్యూమినియం మర కోసేసుకుంటారు. ఐదు రూపాయల వాషర్ దగ్గర కక్కుర్తి పడితే ఇంజన్ కేసు పోతుంది.

టూ స్ట్రోక్ (గుణుపురం)

హాయి మాట వచ్చాక యమహా టూ స్ట్రోక్ బండి ఆర్‌ఎక్స్ 100 పేరు ఎవరూ ఎత్తకపోవడం అన్యాయం. 1985 నుంచి 1996 దాకా వచ్చింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, బరువు నూటమూడు కిలోల చుట్టూ. ఈ లెక్కలోనే ఉంది దాని మహిమంతా. హార్స్‌పవర్ ఒక్కింటికి తొమ్మిదిన్నర కిలోల బరువు కూడా లేదు. ఇప్పటి క్లాసిక్ ఇరవై హార్స్‌పవర్‌కి 195 కిలోలు మోస్తోంది, అంటే ఒక్కింటికి దగ్గర దగ్గర పది. మూడున్నర రెట్లు పెద్ద ఇంజన్ పక్కన ఆ చిన్న బండి ఎందుకు ఎగిరిందో ఇక్కడ తెలిసిపోతుంది. కొత్త కాలుష్య నియమాలు వచ్చి ఆగిపోయింది గానీ, జనం వద్దనుకుని కాదు.

ఇప్పటికీ ఉంచుకున్నవాళ్లకి ఒక జాగ్రత్త. ఘాటు దిగేటప్పుడు రైజ్ పూర్తిగా మూసి గేరులో చాలాసేపు దించకూడదు. ఆటోల్యూబ్ పంపు రైజ్‌ని బట్టి ఆయిల్ ఇస్తుంది. రైజ్ మూసి ఉంటే చక్రం ఇంజన్ని తిప్పుతూనే ఉంటుంది, పిస్టన్‌కి చేరే ఆయిల్ మాత్రం బాగా తగ్గిపోతుంది. పిస్టన్ పట్టేస్తే వెనక చక్రం ఒక్కసారిగా లాక్ అవుతుంది. ప్రతి మలుపు దగ్గరా క్లచ్ పట్టి ఒకసారి రైజ్ ఇచ్చి వదలండి. నాలుగు వేళ్లలో ఒకటో రెండో ఎప్పుడూ క్లచ్ లీవర్ మీద ఉండాలి.

ఇంజన్ బ్రేకింగ్ కూడా టూ స్ట్రోక్‌కి తక్కువే, కాబట్టి బ్రేక్ షూలు ముందే చూసుకోండి.

సుంకి ఘాటు (సెమిలిగుడ)

ఇక నా వంతు. తమ్ముడు అపాచీ అన్నాడు, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. 160 4వీ ఇంజన్ వెడల్పు 62 ఎంఎం, నడక 52.9 ఎంఎం. బుల్లెట్‌కి సరిగ్గా తిరగబడిన లెక్క. 17.55 హార్స్‌పవర్ 9250 దగ్గర వస్తుంది, టార్క్ 14.73 న్యూటన్ మీటర్లు 7250 దగ్గర. ఇది తిప్పితేనే లాగే బండి. ఐదువేల కింద పెట్టి పెద్ద గేరులో ఎక్కించాలని చూస్తే ఇంజన్ తడబడుతుంది, నాకింగ్ వస్తుంది. అప్పుడు "అపాచీలో పికప్ లేదు" అంటారు. గేరు ఒకటి దించి ఆరేడు వేల దగ్గర ఉంచితే కొరాపుట్ నుంచి జయపురం దిగే మలుపులు, తిరిగి ఎక్కే మలుపులు రెండూ పండగే. మలుపులో వాలడానికి క్లాసిక్ కన్నా ఇదే తేలిక. క్లాసిక్‌కి ముందు 19 అంగుళాల చక్రం, బరువు కూడా ఎక్కువ. అది నిదానంగా వాలుతుంది, వాలాక గట్టిగా నిలబడుతుంది.

అందుకే నాకు అనిపించేది, ఇంజన్ స్వభావానికి మనిషి స్వభావం కలిస్తే అదే హాయి. గేర్లు మార్చడం ఇష్టమైనవాడికి బుల్లెట్ నిద్రలా ఉంటుంది. తీరిగ్గా పోయేవాడికి అపాచీ తలనొప్పి.

దిగుడు మాట ముఖ్యం. సాలూరు వైపు సుంకి ఘాటు దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్ వేసి పెట్రోల్ మిగిలిద్దామనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంజన్ పట్టు లేకపోతే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. డ్రమ్ము బ్రేకు వేడెక్కితే డ్రమ్ము సాగి షూలకి దూరం జరుగుతుంది, షూ మీద లైనింగు కూడా జారుతుంది. పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. అలా అనిపిస్తే పక్కన ఆపి పావుగంట చల్లారనివ్వాలి. నీళ్లు పోస్తే డ్రమ్ము వంకరపోతుంది, పొయ్యొద్దు. బ్రేకు నొక్కి పట్టుకుని ఉండకుండా, మలుపు ముందు గట్టిగా నొక్కి పూర్తిగా వదిలేస్తూ ఉంటే గాలి తగిలి చల్లబడే వీలు ఉంటుంది.

మలుపులో చెయ్యాల్సిన పనులన్నీ మలుపు ముందే అయిపోవాలి. వేగం తగ్గించడం, గేరు దించడం, చూపు మలుపు అవతలి కొసకి పంపడం. లోపలికి వెళ్లాక సన్నగా రైజ్ ఇస్తూ ఉండాలి. ఘాటులో వెదురు లోడు లారీలు మలుపు తిరిగేటప్పుడు వెనక భాగం మన వరసలోకి వచ్చేస్తుంది. మధ్య గీతని నమ్ముకోకుండా ఎడమ అంచు నుంచి ఒక మీటరు వదిలి ఉండండి. అంతకన్నా అంచుకి పోతే గులకరాళ్లు.

లక్ష్మీపూర్ రోడ్డు (రాయగడ)

సుంకి అన్నా, డిస్కు బ్రేకుకి కూడా వేడి సమస్య ఉంటుందా? డిస్కు ఉంటే భయం లేదు అన్నారు షోరూములో.

పదో నంబరు పానా (జయపురం)

ఉంటుంది, వేరే రకంగా. డిస్కులో పనిచేసేది బ్రేక్ ఫ్లూయిడ్ అనే ద్రవం. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు. అది గాలిలో తేమని లాక్కుంటుంది. మన కొరాపుట్ వైపు వానాకాలం, పొగమంచు తెలుసు కదా. తేమ పట్టిన ఫ్లూయిడ్ 155 దగ్గరే మరగడం మొదలుపెట్టొచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు వస్తాయి, లీవర్ స్పాంజిలా హ్యాండిల్‌కి అంటుకుంటుంది. రెండేళ్లకి ఒకసారి మార్చేయండి, బండి తక్కువ తిరిగినా సరే. డబ్బాలో చూస్తే తేనె రంగు దాటి టీ డికాక్షన్‌లా ఉందంటే ఆలస్యమైనట్టే.

గాలి తియ్యడం ఇద్దరుంటే ఇంట్లో చేసుకోవచ్చు. క్యాలిపర్ నిపుల్‌కి తెల్ల ట్యూబు తొడిగి, రెండో కొస కొంచెం ఫ్లూయిడ్ ఉన్న సీసాలో ముంచండి. ఒకరు లీవర్ మూడుసార్లు నొక్కి, నాలుగోసారి నొక్కి పట్టుకోవాలి. రెండోవాళ్లు నిపుల్ పావు చుట్టు తెరిచి, బుడగలు వచ్చాక మూసెయ్యాలి. మూశాకే లీవర్ వదలాలి. ముందు వదిలితే గాలి తిరిగి లోపలికి పోతుంది, చేసిన పనంతా వృథా. పైన రిజర్వాయర్ ఖాళీ అవ్వనివ్వకుండా పోస్తూ ఉండండి. చుక్క ట్యాంకు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. ఏబీఎస్ (చక్రం లాక్ అవకుండా చూసేది) ఉన్న బండిలో దాని మాడ్యులేటర్‌లోకి గాలి చేరితే ఇంటి పద్ధతితో పూర్తిగా పోదు, సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్లాలి.

నూరు సీసీ (కొరాపుట్)

ఇంకో సంగతి. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, దేవమాలి 1672. పైకి పోయేకొద్దీ గాలి పల్చబడి ఏ బండికైనా లాగుడు తగ్గుతుంది. దేవమాలి మీద ఇంచుమించు ఆరో వంతు బలం పోతుంది. 2020 ఏప్రిల్ తర్వాత బీఎస్6 కాలుష్య నియమాలతో వచ్చిన ఇంజెక్షన్ బండ్లు సెన్సార్‌తో పెట్రోల్ సర్దుకుంటాయి. కార్బ్యురేటర్ బండి సర్దుకోలేదు, పెట్రోల్ ఎక్కువైపోయి కొంచెం నల్ల పొగ వస్తుంది. అక్కడ స్క్రూలు తిప్పకండి. తిప్పితే కిందకి దిగాక పెట్రోల్ చాలక వేడెక్కుతుంది.

ఇంజెక్షన్ బండికి రెండు నియమాలు చాలు. బ్యాటరీ నీరసిస్తే పంపు తిరగదు, కిక్కు ఉన్నా ఉపయోగం ఉండకపోవచ్చు. ట్యాంకు అడుగంటేదాకా తోలకూడదు, ఆ పంపు చల్లబడేది పెట్రోల్‌తోనే.

టూ స్ట్రోక్ (గుణుపురం)

నూరు సీసీ గారు చెప్పినదానికి చిన్న చేర్పు. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. వానాకాలం నెలల తరబడి బండి నిలిపేస్తే ట్యాంకులో తేమ చేరి, నీళ్లూ ఇథనాలూ అడుగుకి దిగిపోతాయి. నిలిపే ముందు ట్యాంకు నిండా పోయించండి, తేమ చేరే ఖాళీ ఉండదు. పాత బండ్ల రబ్బరు పైపులు ఏటా వంచి చూడండి, పగుళ్లు కనబడితే మార్చెయ్యాలి.

స్పోక్ వీలు (పర్లాకిమిడి)

తమ్ముడు సరిహద్దు అవతల పార్వతీపురంలోనో విజయనగరంలోనో కొంటే కాగితాల మాట మర్చిపోకూడదు. ఆంధ్రా నంబరు బండి పన్నెండు నెలలు దాటి ఒడిశాలో ఉంచితే మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు వేయించాలి. దానికి ముందు అక్కడి ఆఫీసు నుంచి ఫారం 28లో ఎన్ఓసీ కావాలి. ఒడిశాలో ఉండి ఒడిశాలోనే తిరిగేవాళ్లు ఇక్కడే కొనడం మేలు.

స్పోకు చక్రం గురించి కూడా చెప్పేస్తాను, నా పేరే అది కదా. చూడ్డానికి అందం, గుంటల్లో పడితే వంగుతుంది గానీ పగలదు. ట్యూబు ఉంటుంది కాబట్టి పంక్చర్ అయితే చక్రం ఊడదియ్యాల్సిందే. లక్ష్మీపూర్ దాటాక ఆ పని చేసే షాపు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ దారికి అలాయ్, ట్యూబ్‌లెస్ తీసుకో. ఒత్తులూ సూదులూ ఉన్న కిట్టు, చేతి పంపు సీటు కింద పెట్టుకుంటే పది నిమిషాల పని.

పదో నంబరు పానా (జయపురం)

కిట్టుతో పాటు ఇవి కూడా ఉంచుకో. ప్లగ్గు, ప్లగ్గు పానా, చైన్ లాక్ (చైన్ కొసలు కలిపే లింకు) ఒకటి, నీ బండి ఫ్యూజులు రెండు, క్లచ్ కేబుల్. కేబుల్ని సంచిలో పెట్టుకోవడం కన్నా పాతదాని పక్కనే అదే దారిలో ట్యాంకు కింద నుంచి పరిచి, రెండు కొసలకీ టేపు చుట్టి ఉంచు. తెగినరోజు ట్యాంకు విప్పనక్కర్లేదు. రెండు కొసలు మార్చి తగిలిస్తే బండి కదులుతుంది.

లక్ష్మీపూర్ రోడ్డు (రాయగడ)

అందరికీ రుణపడి ఉంటాను. మూడు బండ్లూ మళ్లీ తోలి చూస్తాను, ఈసారి ఘాటు ఉన్నచోటే అడుగుతాను. చివరగా ఒకటి. గంట తోలితే అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయని చాలామంది అంటారు. అది బండి తప్పా?

సుంకి ఘాటు (సెమిలిగుడ)

కొంత వైబ్రేషన్, ఎక్కువగా లీవర్ల వాలు. షోరూములో అందరికీ ఒకే లెక్కలో బిగించి ఇస్తారు. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, సీటు మీద రోజూ కూర్చునేచోటే కూర్చో. కళ్లు మూసుకుని, మోచేతులు కొంచెం వంచి, చేతులు గ్రిప్పుల మీద వేసి, వేళ్లు చాపు. మోచెయ్యి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండగా లీవర్ వేళ్ల కిందకి రావాలి. మణికట్టు పైకి విరిచి పట్టుకోవాల్సి వస్తే లీవర్ మరీ పైకి ఉంది, అదే తిమ్మిరికి కారణం. లీవర్ క్లాంపు బోల్టు, చాలా బండ్లకి పది నంబరు పానా, కొంచెం వదులు చేసి నీ చేతికి సరిపోయేదాకా కిందకి తిప్పు. బోల్టు మరీ గట్టిగా బిగించకు. బండి ఎప్పుడైనా ఒరిగినా క్లాంపు తిరిగిపోతుంది, లీవర్ విరగదు.